ఇంటర్వ్యూ గదికి ముందే మన సాక్ష్యం



నీట్ రోజులు వచ్చాయంటే కొందరు తల్లిదండ్రులు మా గడప తొక్కుతారు. "అయ్యగారూ, వెల్లూరు సీఎంసీకి సంఘం తరపున ఒక ఉత్తరం రాసివ్వండి" అంటారు.

ఐడా స్కడ్డర్ అమ్మగారు 1918లో అక్కడ ఆడపిల్లల కోసం వైద్య విద్యాలయం ప్రారంభించారు. ఆ సంస్థ చాలాకాలం మార్కులు చూసి మాత్రమే సీటు ఇవ్వలేదు. సొంత పరీక్ష పెట్టి, తర్వాత పిల్లలను పిలిపించి, మాట్లాడించి, కలిసి పనిచేయించి, సేవ చేసే మనసుందా అని చూసేది. ఆ పద్ధతి విడువలేక 2017లో 100 ఎంబీబీఎస్ సీట్లలో 99 ఖాళీగా ఉంచింది. 2020 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు మైనారిటీ కాలేజీలకూ నీట్ వర్తిస్తుందని తీర్పు చెప్పింది.

ఆ తీర్పుకు కొందరు విశ్వాసులు బాధపడ్డారు. మేమూ బాధపడ్డాం. కానీ ఇంటర్వ్యూ పేరుతో సీట్లు అమ్ముకున్న కాలేజీలు దేశంలో లేవా? అందరికీ ఒకే పరీక్ష అంటే పేదవాడికి కొంత ధైర్యమే.

సమూయేలును చూడండి. యెష్షయి ఇంట్లో ఏలీయాబు రూపం, ఎత్తు చూసి ఇతడే అనుకున్నాడు. ప్రవక్తే పొరబడితే, అరగంట ఇంటర్వ్యూలో మనుషులు పొరబడరా? ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడే పిల్లవాడు వాళ్లకు ఏలీయాబులాగే కనబడతాడు. మన పల్లె పిల్ల తలవంచుకొని నిలబడుతుంది. అయితే సమూయేలు అక్కడితో ఆగలేదు. గొర్రెల దగ్గరున్న చిన్నవాడు వచ్చేదాకా భోజనానికి కూర్చోనన్నాడు. ఇంటర్వ్యూ ఉండాలి, కానీ ఇలా వెదికేదిగా ఉండాలి.

ఇక మా తప్పు ఒప్పుకుంటాం. క్రిస్మస్‌కు తప్ప గుడిలో కనబడని ఒక అబ్బాయికి "సేవాభావం గలవాడు" అని ఒకసారి రాసిచ్చాం. తండ్రి ముఖం చూసి కాదనలేకపోయాం. ఆ అబద్ధం వల్ల నిజంగా సేవ చేసే మరో బిడ్డ వెనక్కి పోయి ఉండవచ్చు.

ఇంటర్వ్యూ చేసేవారు మన బిడ్డలను కొద్దిసేపే చూస్తారు. మనం పుట్టినప్పటినుండి చూస్తున్నాం. కాబట్టి ఇకమీదట చూసినదే రాస్తాం. తల్లిదండ్రులారా, ఉత్తరం అడిగే ముందు మీ బిడ్డను మాతోకూడ రోగుల ఇళ్లకు పంపండి. ఆ బిడ్డ ముసలమ్మ మంచం పక్కన ఎలా కూర్చుంటుందో చూసి సంతోషంగా రాస్తాం.

హృదయాలను ఎరిగిన దేవుడు మన బిడ్డలను తన పనికి సిద్ధపరచును గాక. ఆమేన్.