గుంట అని పేరులోనే ఉంది!

తాతయ్యగుంట, కొర్లగుంట, తుమ్మలగుంట... తిరుపతిలో ఉండేవాళ్లు రోజూ పలికే పేర్లే. ఆటో అన్నకు చెబుతాం, ఫుడ్ యాప్‌లో టైప్ చేస్తాం. గుంట అంటే నీళ్లు నిలిచే చోటు అని మాత్రం వానొచ్చిన రోజే గుర్తొస్తుంది.

ఊరికి ఉత్తరాన శేషాచలం కొండలు, దక్షిణాన స్వర్ణముఖి. కొండ మీద పడ్డ వాన ఊరు దాటుకునే నదికి చేరాలి. పాతరోజుల్లో వంకలు ఆ నీళ్లను చెరువులకు తెచ్చేవి. ఓ చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు పోయేది. అప్పటి డ్రైనేజీ సిస్టమ్ అదే.

ఓ చిన్న లెక్క. ఎకరం నేల మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే సుమారు 40 వేల లీటర్లు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది! మట్టి నేలయితే కొంత తాగేస్తుంది. సిమెంటు, తారు తాగవు. దాదాపు అన్ని ట్యాంకర్లూ రోడ్డు మీదికే.

"యూజీడీ వేశారు కదా, ఇంకా నీళ్లెందుకు నిలుస్తున్నాయి?" అంటారా? యూజీడీ ఉన్నది బాత్రూమ్, వంటింటి మురుగు కోసం. వాన నీటి కాలువ వేరు. అది రోడ్డు పక్క నీళ్లను అందుకుని, వాలు పట్టుకుని వంకలోనో చెరువులోనో కలవాలి. వాన నీళ్లు యూజీడీలోకి వదిలితే పైపు నిండి, మ్యాన్‌హోల్ మూత లేచి, మురుగు మన గుమ్మం ముందుకే వస్తుంది. కాలువ ఎంత పెద్దగా కట్టినా, చివర వంక పూడిపోయి ఉంటే నీళ్లు వెనక్కి తంతాయి.

2021 అక్టోబర్‌లో ఓ వాన రాత్రి, వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నిలిచిన నీళ్లలో ఓ వాహనం చిక్కుకుంది. దర్శనానికి వచ్చిన ఓ కొత్త పెళ్లికూతురు ప్రాణం పోయింది. నెల తిరిగేసరికి మళ్లీ కుండపోత. కపిలతీర్థం దగ్గర కొండ నీళ్లు విరుచుకుపడ్డాయి, స్వర్ణముఖి పొంగింది, కాలనీలు మునిగాయి.

అందుకే ప్లాటు కొనేముందు పాత గ్రామ పటంలో అక్కడ వంక ఉందేమో చూడండి. ఇంటి ముందు ర్యాంపు కడితే కింద కాలువకు దారి వదలండి. ఇక అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు కనిపిస్తే లోతు అంచనా వేస్తూ కూర్చోవద్దు. రెండడుగుల నీళ్లు చాలు, కారు తేలిపోతుంది. బండి వెనక్కి తిప్పేయండి.