ఒక్క పోగు తెగితే పడుగంతా కోస్తామా?

ఈసారి మగ్గాల సంగతి కాదు, కారు సంగతి. కొంచెం పొడుగు పోస్టే, ఓపిగ్గా చదవండి.

పోయిన నెల హైదరాబాదులో పెండ్లి చూసుకొని వస్తుంటే ఉమర్గా దాటినంక మా కారు వణకడం మొదలుపెట్టింది. పికప్ లేదు, ఇంజన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. అట్లనే సోలాపూర్ దాకా నడిపించిన. అది నా తప్పే. ఆ లైటు ఊరికే వెలగడం వేరు, ఆరుతూ వెలగడం వేరు. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని మాడుస్తుంది. అది చెడితే కాయిల్ కంటే ఎన్నో రెట్లు ఖర్చు.

మరునాడు ఒక గ్యారేజీలో పిల్లగాడు అయిదు నిమిషాల్లో తేల్చేసిండు. మూడు కాయిళ్ళు, మూడు ప్లగ్గులు, ఇంజెక్టర్ క్లీనింగ్, అన్నీ కలిపి తొమ్మిది వేలు. ఏది చెడిందని అడిగితే, "అన్నీ ఒకేసారి మారిస్తే మంచిది కాకా" అన్నడు.

నేను బండి ఇంటికి తెచ్చుకున్న. పొరుగున ఉండే పవర్‌లూం ఫిట్టర్ తమ్ముడు, నేను కలిసి చూసినం. స్కానర్ పెడితే పి0302 అని వచ్చింది. అంటే రెండో సిలిండర్ మంట పట్టడం లేదు. ఇంజన్ చల్లారినంక, తాళం తీసి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పినం. కనెక్టర్ లాక్ నొక్కి, వైరు పట్టి గుంజకుండా తీసి, బోల్టు విప్పి, రెండో కాయిల్‌ను ఒకటో దాంట్లో, ఒకటోదాన్ని రెండో దాంట్లో పెట్టినం. కోడ్ చెరిపి మళ్ళీ స్టార్ట్ చేస్తే పి0301 వచ్చింది. కాయిల్‌తోపాటే రోగం కూడా జరిగిందన్నమాట. దొంగ దొరికిండు. రోగం జరగకుండా రెండో దాంట్లోనే ఉంటే అప్పుడు ప్లగ్గు, వైరింగు, ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి. ప్లగ్గు గుంతలో నూనె ఉందేమో కూడా చూడండి. ఉంటే ముందు గాస్కెట్ మార్చాలి, లేకుంటే కొత్త కాయిల్ కూడా పాడవుతుంది.

ఒక్క కాయిల్‌కు రెండు వేల లోపే అయింది. బండి బాగుంది.

"ఇంట్లో చేస్తే షాక్ కొట్టదా?" అని అడిగేవాళ్ళకు ఒక మాట. భయం న్యాయమే. కాయిల్ 12 వోల్టులను వేల వోల్టులకు పెంచుతుంది. ఇంజన్ నడుస్తుండగా కాయిల్ గుంజి స్పార్క్ చూసే పాత అలవాటు మానండి. చేత కాకుంటే చేయకండి. కానీ ఏది చెడిందో చూపించమని అడిగే హక్కు మీది.

నేను గ్యారేజీవాళ్ళను తిట్టడం లేదు. మన పేటల పిల్లలే అక్కడ పనిచేస్తున్నరు. పరీక్షించకుండా మార్చడం వాళ్ళకు నేర్పిన అలవాటు. మగ్గం ఆగితే మన పెద్దలు ముందు పోగు వెతికిండ్రు, నాడె చూసిండ్రు, ఒక్కొక్కటి సరిచేసిండ్రు. టవల్ ధర రూపాయి తగ్గితే గంటసేపు వాదించే మనం, తొమ్మిది వేల బిల్లు చూసి నోరు మూసుకుంటున్నం.

నా సూచన ఒక్కటే. సంఘం ఒక స్కానర్ కొని ఆఫీసులో పెట్టాలి. నెలకొక ఆదివారం మన ఫిట్టర్లు, గ్యారేజీ పిల్లలు కలిసి నేర్పాలి. వెతికి పట్టే బుద్ధి మన చేతుల్లోనే ఉంది. దాన్ని పిల్లలకు అందించకుంటే పోయేది తొమ్మిది వేలు మాత్రమే కాదు.