మందు గిన్నె పక్కన పెట్టి బిడ్డను చూద్దాం

మూడవ ఏట మా మనుమడికి ఆటిజం ఉన్నదని తెలిసిన నాటినుండి మా వంటిల్లు మందుల అంగడి అయినది. సరస్వతీ ఆకు రసమని, వస కొమ్మని, ఎవరేది చెప్పినా నూరి పోశాను. రెండేళ్లు గడిచేసరికి వాడు నేర్చినదల్లా ఉగ్గుగిన్నె కనబడగానే మంచం కిందకు దూరడం.

గృహవైద్యాన్ని నమ్మినవాణ్ణి కనుకనే చెబుతున్నాను. 1943లో లియో కానర్ పదకొండుగురు పిల్లలలో గమనించి వర్ణించిన ఈ స్థితి మెదడు ఎదుగుదలలోని భేదం. పెంపకపు లోపమూ కాదు, పూర్వజన్మ పాపమూ కాదు. దీనిని పోగొట్టే ఔషధం ఏ వైద్యంలోనూ లేదు. సీసం, పాదరసం చేరిన భస్మాలు పసివారికి ప్రమాదకరం కూడా.

మరి చేయదగినది లేదా? ఉన్నది. నిద్రలేమి, మలబద్ధకం, శబ్దాలకు బెదురు, కోరినది చెప్పలేకపోవడం, బిడ్డ జీవితాన్ని దుర్భరం చేసేవి ఇవి. మొదటి రెండింటికీ పిల్లల వైద్యుని చూపించాము. ఆయుర్వేదం బోధించిన దినచర్య ఇక్కడ అక్కరకు వచ్చినది. నిద్రకు, స్నానానికి, భోజనానికి నియమిత వేళలు పాటించాము. మిక్సీ వేసే ముందు వాడికి చెప్పసాగాము. స్పీచ్ థెరపీ నిపుణురాలి సలహాతో బొమ్మల కార్డులు ఇచ్చాము. ఒకనాడు నీళ్లగ్లాసు బొమ్మ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆనాటినుండి దాహానికి ఏడవలేదు.

ప్రభుత్వ గుర్తింపు పొందిన బడులు ఇటువంటి పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతున్నది. అడగడానికి సంకోచించకండి.

"నయమైనదా?" అని బంధువులు అడుగుతుంటారు. "రాత్రి నిద్రపోయాడా, ఇవాళ నవ్వాడా?" అని అడగమంటున్నాను.