అప్పు పుట్టని పేటలు, అప్పు పుట్టని దేశాలు

ఏలూరు తంగెళ్లమూడిలో తివాచీ మగ్గం ముందు కూర్చున్న నేతగాడు పెట్టుబడికై బ్యాంకు మెట్లెక్కితే, పనితనం గురించి అడిగేవారు అరుదు. పూచీ ఎవరు, ఉండేది ఏ పేటలో అన్నవే ముందు వచ్చే ప్రశ్నలు. ఆ రెండో ప్రశ్న మా అనుమానం నుంచి పుట్టినది కాదు. ముస్లింలు అధికంగా నివసించే కొన్ని ప్రాంతాలను కొన్ని బ్యాంకులు ‘నెగెటివ్ జోన్లు’గా గుర్తించాయని, అక్కడ రుణం సులభంగా అందడం లేదని 2006లో సచార్ కమిటీయే నమోదు చేసింది. మనిషిని చూడక చిరునామాను చూసి తీర్పు చెప్పే పద్ధతి అది.

ప్రపంచ పటం మీద కూడా అటువంటి గీతలే ఉన్నాయి. మూడీస్, ఎస్ అండ్ పీ, ఫిచ్ అనే మూడు ప్రైవేటు సంస్థలు వేసే మార్కులను బట్టి దేశాలకు వడ్డీ నిర్ణయమవుతున్నది. అభివృద్ధి చెందుతున్న దేశాలు అమెరికా కన్నా రెండు నుంచి నాలుగు రెట్లు అధిక వడ్డీకి అప్పు తెచ్చుకుంటున్నాయని ఐక్యరాజ్యసమితి వాణిజ్య అభివృద్ధి సంస్థ 2024లో లెక్క చెప్పింది. విద్యకు గాని, ఆరోగ్యానికి గాని పెట్టే ఖర్చును మించి వడ్డీలు కడుతున్న దేశాలలో 330 కోట్ల మంది బ్రతుకుతున్నారని 2024లో అదే సంస్థ తేల్చింది.

ఈ అన్యాయాన్ని కొల్లేటి రైతుకు విడమరచి చెప్పనక్కరలేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు కైకలూరు చెరువు గట్ల మీద రొయ్య కౌంట్ ధర పడిపోయింది. మేతకు చేసిన అప్పు మాత్రం పడలేదు. రాగి అమ్ముకొని బ్రతికే జాంబియాది ఇదే కథ, ఇంకా పెద్ద అంకెలలో. 2020 నవంబరులో ఆ దేశం బాకీ కట్టలేక చేతులెత్తేసింది. ప్రభుత్వాలైన రుణదాతలతో ఒడంబడికకు 2023 జూన్ వరకు, బాండ్లు కొన్నవారితో తేల్చుకోవడానికి 2024 వరకు పట్టింది. అంతకాలం ఒక దేశపు పసిపిల్లలు ఎవరి సంతకం కోసమో ఎదురుచూశారు. ఇబ్బందిలో ఉన్న బాకీదారునికి గడువివ్వాలన్న ధర్మం మన ఇళ్లలో పెద్దలు చెప్పేదే. అంతర్జాతీయ చట్టంలో దానికి నేటికీ చోటు లేదు.

పాలకుల దుబారావల్లనే ఆ దేశాలు మునిగాయని కొందరంటారు. దుబారా ఉన్నది, కాదనము. కాని తెలిసే అప్పిచ్చి, అధిక వడ్డీని ప్రమాదానికి ప్రతిఫలంగా ముందే పుచ్చుకున్నవాడు, ఆ ప్రమాదం వచ్చిననాడు నష్టంలో పాలు పంచుకోనంటే అది వ్యాపారం ఎట్లా అవుతుంది?

1944లో పుట్టిన అంతర్జాతీయ ద్రవ్యనిధిలో ముఖ్య నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి. ఒక్క అమెరికా చేతిలోనే 16 శాతానికి పైగా ఉన్నాయి. అది వద్దంటే ఏదీ కదలదు. ప్రపంచ జనాభాలో ఆరో వంతుకు పైగా ఉన్న భారతదేశానికి మూడు శాతం కూడా లేవు. 2021లో నిధి పంచిన 65,000 కోట్ల డాలర్ల విలువగల ప్రత్యేక హక్కులలో ఆఫ్రికా ఖండమంతటికీ దక్కినవి సుమారు 3,300 కోట్లు.

1991లో సుమారు 47 టన్నుల బంగారాన్ని విదేశీ బ్యాంకుల వద్ద కుదువపెట్టిన దేశం మనది. నేడు శ్రీలంక బాకీలపై ఏర్పడిన రుణదాతల కమిటీకి ఫ్రాన్స్, జపాన్‌లతో కలిసి మన దేశమే సారథ్యం వహించింది. తాకట్టు బాధ ఎరిగిన దేశం ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు, సంప్రదింపులు ముగిసేదాకా చెల్లింపులు ఆపాలని, బాండ్లదారులు కూడా అదే నష్టం భరించాలని ఎందుకు పట్టుబట్టకూడదు? నిధిలో ఓట్ల పంపకం మార్చాలని ప్రతి వేదిక మీదా ఎందుకు నిలదీయకూడదు?

అయితే ఢిల్లీ ఆ మాట గట్టిగా అనాలంటే ఇంట్లో గీతలు చెరిపివేయాలి. తంగెళ్లమూడి మగ్గాలకు, తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌లోని చిరువర్తకులకు ఏ బ్యాంకు ఎంత రుణమిచ్చిందో, ఎన్ని దరఖాస్తులు తిప్పి పంపిందో ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల బ్యాంకర్ల కమిటీలు పేటవారీగా ప్రకటించాలి. ఆ లెక్కను మేము అడుగుతున్నాము.