మధ్యలో ఆగిన పందెం

ఆడవాళ్ళు ఏ పనైనా మధ్యలో ఆపేస్తే మనవాళ్ళు కారణం వెతకరు. "అనుకున్నాం లెండి" అనేస్తే సరిపోతుంది. డిగ్రీ రెండో ఏడాదిలో చదువు ఆగిపోయిన అమ్మాయి గురించీ అదే మాట. టైలరింగ్ షాపు పెట్టి ఆర్నెల్లకి మూసేసిన ఇల్లాలి గురించీ అదే మాట. 2022 అక్టోబరులో అమ్మాయిల కారు రేసుల సీజన్ ఒకటి సగంలో ఆగిపోతే, దాని గురించి కూడా చాలామంది ఇలాగే పెదవి విరిచారు.

"నర్సీపట్నంలో కూర్చుని కారు రేసుల గోల మీకెందుకండీ?" అంటారేమో! నిజమే, మాది రైలు కూడా రాని ఊరు. నర్సీపట్నం రోడ్ అని ఓ స్టేషనుకి మా ఊరి పేరైతే పెట్టారు గానీ, అక్కడ దిగినవాళ్ళు మళ్ళీ బస్సో ఆటోనో పట్టుకుని రావాల్సిందే. ఇక మాకు తెలిసిన రేసంటారా, లంబసింగి మంచు చూడ్డానికి వచ్చే కుర్రాళ్ళు ఘాట్ రోడ్డు మీద బైకులతో చేసే ఆగడమే. అయినా ఈ సంగతి రాయాలనిపించింది. ఎందుకంటే దీన్ని కార్ల కథ అన్నారు గానీ, తీరా చూస్తే ఇది ఫీజుల కథ. ఫీజుల కథలు ఇంటర్ పిల్లలకి పాఠాలు చెప్పే నాలాంటిదానికి బాగానే అర్థమవుతాయి.

ముందు ఈ రేసులేమిటో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. చక్రాలు నాలుగూ బయటికి కనబడుతూ, ఒక్కరే కూర్చుని నడిపే సన్నటి కార్లుంటాయి చూడండి, టీవీలో ఫార్ములా వన్ పేరుతో వచ్చేవి. ఆ ఫార్ములా వన్‌కి ఎవరూ తిన్నగా వెళ్ళిపోరు. చిన్నప్పుడు గోకార్టు, తర్వాత ఫార్ములా 4, ఆ తర్వాత 3, 2... ఇలా మెట్లుంటాయి. ఎలిమెంటరీ స్కూలు, హైస్కూలు, ఇంటరు అన్నట్టు. ప్రతి మెట్టు దగ్గరా బాగా నడపడం ఒక్కటే చాలదు. సీటు కొనుక్కోవాలి. కారు, టైర్లు, మెకానిక్కులు, ప్రయాణాలు అన్నిటికీ నడిపేవాళ్ళే డబ్బు తెచ్చుకోవాలి. అంటే నాన్న జేబు, లేకపోతే స్పాన్సరు జేబు. కొడుకైతే పొలం అమ్మి అయినా పెట్టే తండ్రులు అక్కడా ఉంటారు. కూతురికి పెట్టేవాళ్ళు? అక్కడా తక్కువే.

ఈ లెక్కని తిరగేద్దామని ఇంగ్లండులో కొందరు 'డబ్ల్యు సిరీస్' అని మొదలుపెట్టారు. 2019లో మొదటి సీజన్. అందరూ ఆడపిల్లలే. ఆస్ట్రియాలో, స్పెయిన్‌లో పరీక్షలు పెట్టి 18 మందిని ఎంచుకున్నారు, ఇద్దరిని రిజర్వులో ఉంచారు. అందరికీ ఒకేరకం కారు. అసలు విశేషం ఏమిటంటే ఆ పిల్లలు ఒక్క పైసా కట్టక్కర్లేదు. పైగా బహుమతుల మొత్తం 15 లక్షల డాలర్లు, అందులో గెలిచినమ్మాయికి 5 లక్షలు. నాన్న ఎవరని అడక్కుండా, ఎంత బాగా నడుపుతావు అని అడిగి సీటిచ్చారన్నమాట! మన ఎంసెట్ ఫ్రీ సీటు లాంటిది.

జేమీ చాడ్విక్ అనే ఇంగ్లీషమ్మాయి ఆ మొదటి సీజన్ గెలిచింది. 2020లో కరోనా వల్ల పోటీలు లేవు. 2021లో మళ్ళీ ఆమే గెలిచింది. రెండుసార్లు ఫస్టు వచ్చిన పిల్ల పై తరగతికి పోవాలి కదా! 2022లో మూడోసారి అదే తరగతిలో కూర్చుంది. పై మెట్టు మీద ఉచిత సీటంటూ లేదు మరి. ఆ ఏడాది మయామిలో రెండు రేసులు, బార్సిలోనా, సిల్వర్‌స్టోన్, ఫ్రాన్స్... వరసగా అయిదూ ఆమెవే. హంగరీలో ఆలిస్ పావెల్, సింగపూర్‌లో బైట్స్కే విసర్ గెలిచారు. అక్కడితో ఏడు రేసులయ్యాయి. ఇంకా అమెరికాలో ఒకటి, మెక్సికోలో రెండు ఉండగా సీజన్ ఆపేశారు. వస్తానన్న అమెరికా పెట్టుబడి రాలేదట. అప్పటివరకూ వచ్చిన పాయింట్లు కూడి చాడ్విక్‌నే ఛాంపియన్ అన్నారు. 2023లో ఆ సంస్థే మూతబడింది.

ఛాంపియన్ సంగతి సరే. పాయింట్లలో అయిదో స్థానంలోనో ఆరో స్థానంలోనో ఉన్న అమ్మాయి సంగతి ఆలోచించండి. ఆ ఆఖరి మూడు రేసుల్లో ఒక్కటి గెలిస్తే ఏ స్పాన్సరో చూసేవాడేమో. ఆ మూడూ ఆమెకి ఇక ఎప్పటికీ రావు. మా కాలేజీలో రెండేళ్ళూ చక్కగా చదివి, పబ్లిక్ పరీక్షల ముందు పెళ్ళి కుదిరి వెళ్ళిపోయిన పిల్లలు నాకు తెలుసు. మార్కుల జాబితాలో వాళ్ళ పేరు ఎదురుగా 'గైర్హాజరు' అని పడుతుంది. ఎందుకు గైర్హాజరో రాయడానికి అందులో జాగా ఉండదు.

డబ్ల్యు సిరీస్ ఆగిపోయిందని తెలియగానే "ఆడవాళ్ళ రేసులు ఎవరు చూస్తారండీ, నిలబడవు" అని తేల్చేశారు కొందరు పెద్దమనుషులు. సరే, మన హైదరాబాద్ సంగతి చూద్దాం. డబ్ల్యు సిరీస్ ఆగిన మరుసటి నెల, 2022 నవంబరులో, హుస్సేన్ సాగర్ ఒడ్డున రోడ్లు మూసి ఇండియన్ రేసింగ్ లీగ్ పెట్టారు. (ఆ కార్లు వేరే రకం, చక్రాలు కప్పి ఉంటాయి.) అనుకున్నట్టు జరక్క ఆ వారం రేసులు అర్ధాంతరంగా ఆపేయాల్సి వచ్చింది. తర్వాత 2023 ఫిబ్రవరి 11న అదే చోట కరెంటు కార్ల ఫార్ములా ఇ రేసు ఆర్భాటంగా జరిగింది. నడిపినవాళ్ళందరూ మగవాళ్ళే. మరుసటి ఏడాది జరగాల్సిన రేసు 2024 జనవరిలో రద్దయిపోయింది. ప్రభుత్వం మారిందన్నారు, ఒప్పందమన్నారు, ఖర్చన్నారు, ఇంకా ఏవేవో అన్నారు. అంతమంది అన్ని మాటలన్నారు గానీ, "మగవాళ్ళ రేసులు నిలబడవండీ" అని ఒక్కరైనా అనగా విన్నారా?

ఆ ఇండియన్ రేసింగ్ లీగ్‌లో ఒక మంచి పద్ధతి పెట్టారు. ప్రతి జట్టులో ఒక మహిళ ఉండి తీరాలి. హైదరాబాద్ జట్టులో మన అనిందిత్ రెడ్డితో పాటు ఆ సీటు లోలా లొవిన్‌ఫోస్ అనే ఫ్రెంచి అమ్మాయికి దక్కింది. ఆ పిల్ల మీద నాకేం కోపం లేదు, పదిహేడేళ్ళకే అంతదూరం వచ్చి నడిపింది, శభాష్. కాని ఆ సీటుకి తెలుగమ్మాయి ఎందుకు లేదని అడిగితే, జవాబు మళ్ళీ మొదటి మెట్టు దగ్గరే ఉంది. చెన్నై అలీషా అబ్దుల్లా పేరు మీరు వినే ఉంటారు. ఆమె తండ్రే పెద్ద బైక్ రేసరు. స్నేహా శర్మ విమానం నడిపే ఉద్యోగం చేస్తూనే రేసులు నడిపింది. ఇంట్లోనే రేసరు ఉండాలి, లేకపోతే పైలట్ జీతం ఉండాలి! మా నర్సీపట్నం పిల్లకి ట్రాకు చూడాలన్నా ఏ చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టైకో, కోయంబత్తూరుకో పోవాలి.

డబ్ల్యు సిరీస్ పోయాక 2023లో ఫార్ములా వన్ సంస్థే 'ఎఫ్1 అకాడమీ' అని కొత్తది పెట్టింది. అమ్మాయిల కోసమే. రేసు కారు నడిపిన సూజీ వోల్ఫ్ దానికి పెద్ద. మొదటి సీజన్‌లో 15 మంది, స్పెయిన్ అమ్మాయి మార్తా గార్సియా గెలిచింది. ఇది పాతదానికంటే గట్టిగా నిలబడింది. 2024లో పది ఫార్ములా వన్ జట్లూ ఒక్కో అమ్మాయి కారుకి తమ రంగులు వేశాయి. సంతోషమే. కాని ఒక్క తేడా గమనించండి. ఇక్కడ సీటు ఉచితం కాదు. మొదటి ఏడాది ఒక్కో కారుకి సంస్థ లక్షా యాభై వేల యూరోలు పెడితే, అమ్మాయి కూడా అంతే తెచ్చుకోవాలన్నారు. మన డబ్బులో కోటీ ముప్పై లక్షల పైమాటే. మిగతా రేసులతో పోలిస్తే చవకేనట! మా వీధిలో ఈ లెక్క చెబితే ఒక పెద్దావిడ, "గుంటలకి కోటి రూపాయల బండేటమ్మా, ఆ డబ్బెడితే పది పెళ్ళిళ్ళు చెయ్యొచ్చు" అంది. నవ్వొచ్చింది గాని, ఆవిడ లెక్క ఎక్కడ కట్టిందో చూశారా? ఆడపిల్ల మీద పెట్టే డబ్బనగానే పెళ్ళి ఖాతాలోకే వెళ్ళిపోయింది.

ఉచిత సీటు వల్ల ఏమొచ్చిందని అడిగేవాళ్ళకి ఆబీ పుల్లింగ్ కథ చెప్పాలి. ఇంగ్లండులో ఫార్ములా 4 నడుపుతూ 2021లో డబ్బు చాలక సీజన్ మధ్యలో దిగిపోయిన పిల్ల. మగపిల్లలతో సమానంగా పోటీ పడుతూనే దిగిపోయింది. డబ్ల్యు సిరీస్ పిలిచి ఉచితంగా కారిచ్చింది. ఆ సంస్థ పోయాక ఎఫ్1 అకాడమీలో చేరి 2024లో ఛాంపియన్ అయింది. అదే ఏడాది మేలో, తాను డబ్బు లేక వదిలేసిన ఆ బ్రిటిష్ ఫార్ములా 4లోనే రేసు గెలిచింది. అక్కడ రేసు గెలిచిన మొదటి ఆడపిల్ల ఆమే! మధ్యలో ఆ ఉచిత సీటు లేకపోతే, "అనుకున్నాం లెండి" అనే జాబితాలో ఆమె పేరూ చేరిపోయేది. చాడ్విక్ కూడా అమెరికా వెళ్ళి ఇండీ ఎన్ఎక్స్‌టీలో మగవాళ్ళ మధ్య నడిపి, 2024లో రోడ్ అమెరికా అనే ట్రాకు మీద గెలిచింది.

అసలు ఆడవాళ్ళకి విడిగా రేసులేమిటి, అందరితో కలిసి పోటీ పడాలి గాని అన్నవాళ్ళూ ఉన్నారు. ఇండీకార్‌లో నడిపిన పిప్పా మాన్ లాంటి మహిళలే డబ్ల్యు సిరీస్‌ని వ్యతిరేకించారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. విడిగా కూర్చోబెడితే విడిగానే ఉంచేస్తారేమోనన్న భయం ఉత్తిది కాదు. కాని కలిసి పోటీ పడే రోజుల్లో ఏం జరిగిందో కూడా చూడాలి కదా. 1975లో స్పెయిన్‌లో లెల్లా లొంబార్డి ఆరో స్థానంలో వచ్చి అర పాయింటు తెచ్చుకుంది. ఫార్ములా వన్ చరిత్రలో ఇప్పటికీ ఒక మహిళకి వచ్చిన పాయింటు ఆ సగమే. సగమే ఎందుకంటారా, ప్రమాదం జరిగి ఆ రేసు మధ్యలో ఆపేశారు. అందుకని అందరికీ సగం పాయింట్లే. అదీ మధ్యలో ఆగిన పందెమే, చూడండి!

మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి ఛార్జీ లేదు. దాని మీద ఎన్ని వెటకారాలు వింటున్నామో చెప్పక్కర్లేదు. అవసరం లేకపోయినా తిరుగుతున్నారట! గొలుగొండ నుంచో నాతవరం నుంచో కాలేజీకొచ్చే పిల్లకి ఛార్జీ డబ్బులు మిగలడమంటే, ఇంట్లో "ఇవాళ మానెయ్యి" అనే మాట ఒకటి తగ్గడం. ఆడవాళ్ళకి సీటిచ్చినంత మాత్రాన ఊరు చేరిపోతారని నేనూ అనను. బస్సు దారిలో ఆగిపోకూడదు కూడా.

అందుకే మా ఊళ్ళో ఆగస్టు 15కీ, జనవరి 26కీ కాలేజీలకొచ్చి టాపర్లకి షీల్డులిచ్చే పెద్దలకి నాదొక మనవి. ఎఫ్1 అకాడమీలో కూడా పై మెట్టుకి పూర్తి ఖర్చు ఛాంపియన్‌కే దొరికింది. పుల్లింగ్ 2025లో జీబీ3కి అలాగే వెళ్ళింది. ఫస్టు వచ్చిన పిల్లని చూసుకోవడానికి ఎవరో ఒకరు దొరుకుతారు. ఈసారి షీల్డు కొనకండి. అయిదో ర్యాంకులోనో, ఆరో ర్యాంకులోనో ఉన్న పిల్లని మా లెక్చరర్లని అడిగి కనుక్కోండి. డిగ్రీ ఆఖరి సంవత్సరం ఫీజు కట్టి, రసీదు ఆ పిల్ల చేతికే ఇవ్వండి. ఫోటో కావాలంటే రసీదుతోనే తీయించుకుందాం.