ఆంగ్ల విశేషణము – ప్రాచ్య విద్యార్థి

ప్రాచ్య కళాశాలలలో ఆంగ్ల వ్యాకరణమును బోధించునప్పుడు ‘అడ్జెక్టివ్’ అనగా విశేషణమని చెప్పి ముందునకు సాగుట పరిపాటి. అనువాదముగా అది తప్పు గాదు. కాని విశేషణమనగానే సంస్కృతము చదివిన విద్యార్థి మనస్సున లింగవచనవిభక్తులు మెదలును. ‘సుందరః బాలకః, సుందరీ బాలికా, సుందరాణి వనాని’ యని విశేష్యమును వెన్నంటి నడచు పదమే యతనికి విశేషణము. ఆంగ్లమున ‘బ్యూటిఫుల్’ అను పదము బాలిక ముందైనను వనముల ముందైనను ఒక్క తీరుననే యుండును.

ఈ నిశ్చలత ఆంగ్లమునకు పుట్టుకతో వచ్చినది కాదు. ప్రాచీనాంగ్లమున విశేషణము లింగవచనవిభక్తులను బట్టి మారుచుండెను. మధ్యాంగ్లకాలము ముగియునాటికి ఆ ప్రత్యయములు రాలిపోయినవి. తారతమ్యబోధక ప్రత్యయములు మాత్రము నిలిచినవి. ‘స్వీటెస్ట్’ అను పదమును ‘స్వాదిష్ఠ’ పదము ప్రక్కన నుంచి చూపినచో, ప్రకృతియే గాక ప్రత్యయము సైతము సజాతీయమని విద్యార్థి తానే గుర్తించును. ఇట్టి సౌలభ్యము సంస్కృతమెరుగని విద్యార్థికి లేదు. ప్రాచ్య విద్యార్థికి కలదు. దానిని వినియోగించుకొను బోధకులే అరుదు.

విభక్తి పోయిన చోట పదక్రమమే అధికారి. అసలు చిక్కు ఇక్కడనే యున్నది. శ్లోకమున విశేషణము మొదటి పాదమందును విశేష్యము నాలుగవ పాదమందును ఉన్నను సమానవిభక్తి ఆ రెంటిని కలుపును. ఆంగ్లమున స్థానము మారిన అర్థమే మారవచ్చును. ‘ద ప్రెజెంట్ మెంబర్స్’ అనిన ఇప్పటి సభ్యులు. ‘ద మెంబర్స్ ప్రెజెంట్’ అనిన సమావేశమునకు వచ్చియున్న సభ్యులు.

తెలుగు విశేషణము కూడ మంచి బాలుడు, మంచి బాలిక, మంచి బాలురు అని మార్పులేకయే యుండును గదా, తెలుగువానికి కష్టమేమి యని యడుగవచ్చును. విధేయస్థానమున తెలుగు ‘మంచివాడు, మంచిది’ యని మారును, క్రియాపదముతో పనిలేదు. ఆంగ్లము ‘గుడ్’ పదమును కదల్పక ‘ఈజ్’ చేర్చుకొనును. ‘హీ గుడ్’ అని వ్రాయు విద్యార్థి అజ్ఞాని కాడు, తెలుగు వాక్యమును నమ్మినవాడు.

విశేషణ పదబంధము కడ ఈ భేదము మరింత స్ఫుటమగును. ‘ఎ ప్రౌడ్ ఫాదర్’, ‘ఎ వెరీ ప్రౌడ్ ఫాదర్’ అనునవి సాధువులు. కాని దేనిని గూర్చిన గర్వమో చెప్పవలసి వచ్చినప్పుడు బంధమంతయు విశేష్యమునకు వెనుకకు పోవును: ‘ఎ ఫాదర్ ప్రౌడ్ ఆఫ్ హిజ్ సన్’. విశేషణమునకు ముందు చేరిన ‘వెరీ’ ఆ స్థానమును కదల్పలేదు. వెనుక చేరిన పదములు కదల్చినవి. తెలుగున ‘కుమారుని చూచి గర్వించు తండ్రి’ యని బంధమెంత పెరిగినను ముందే నిలుచును. సంస్కృతమున ‘కార్యకుశలః పురుషః’ అని సమాసముగా ముడుచుకొనును. ఈ మూడు మార్గములను ఒక్క నల్లబల్లపై చూపుటకు పావుగంట చాలును.

అందుకు మారుగా గుణవాచకము, పరిమాణవాచకము, సంఖ్యావాచకము అని భేదములను వల్లెవేయించుట జరుగుచున్నది. ఆ పట్టిక యంతయు కంఠస్థమైనను ‘అస్లీప్’ అను పదము ‘చైల్డ్’కు ముందు ఏల నిలువదో విద్యార్థికి తెలియదు, ‘మియర్’ అను పదము విధేయముగా ఏల రాదో తెలియదు. ప్రశ్నపత్రమున భేదములను పేర్కొనుడను ప్రశ్నకు బదులు, ‘ప్రౌడ్’ పదముతో కూడిన రెండు వాక్యములనిచ్చి అన్వయము వ్రాయుమనిన, వ్యాకరణమును శాస్త్రముగా చదివిన ఆ విద్యార్థియే తరగతిలో అందరికంటె ముందుండును.