చందమామ పారిపోవట్లేదు, మనమే నెడుతున్నాం!

"చంద్రుడు దూరమైపోతున్నాడు, ఇక రోజుకి 25 గంటలు!" అంటూ మన టీవీ ఛానెళ్ళు అప్పుడప్పుడూ హడావిడి చేస్తుంటాయి. ఆ అదనపు గంట రావడానికి దాదాపు 20 కోట్ల ఏళ్ళు పడుతుంది లెండి. (వచ్చినా అది మా మేనేజరు ఖాతాలోకే పోతుంది, అది వేరే సంగతి.) నా గోల ఆ హడావిడి గురించి కాదు. ఎందుకలా జరుగుతోందో ఒక్కరూ చెప్పరే!

చంద్రుడి వల్ల ఆటుపోట్లు వస్తాయని అందరం బళ్ళో చదువుకున్నాం. కథలో రెండో సగం మాత్రం చెప్పలేదు. చంద్రుడు మనల్ని చుట్టి రావడానికి 27 రోజుల పైనే పడుతుంది. భూమేమో రోజుకో చుట్టు తిరుగుతుంది. అందుకే పొంగిన నీటిని తనతో పాటు కాస్త ముందుకి లాక్కుపోతుంది. ఆ ఉబ్బు చంద్రుణ్ణి ముందుకి గుంజుతుంది. దాంతో ఆయన కక్ష్య పెద్దదవుతుంది, మన భూమి తిరుగుడు నెమ్మదిస్తుంది. ఒకరికి లాభం, ఇంకొకరికి నష్టం, అంతే! 1969లో అపోలో 11 వాళ్ళు పెట్టొచ్చిన అద్దాల మీదకి లేజర్ కొట్టి కొలిస్తే, ఏడాదికి 3.8 సెంటీమీటర్లు అని తేలింది.

అంగారకుడి దగ్గర ఫోబోస్‌ది రివర్స్ కేసు. గ్రహం ఒకసారి తిరిగేలోపు అది మూడు చుట్లు కొట్టేస్తుంది. కాబట్టి ఉబ్బు వెనకపడి దాన్ని వెనక్కి లాగుతుంది. ఏటా సుమారు 1.8 సెంటీమీటర్లు కిందకి దిగుతోంది. ఓ 5 కోట్ల ఏళ్ళకి కూలిపోవడమో, ముక్కలై వలయంగా మారడమో ఖాయం.

అసలు మెలిక ఇక్కడుంది. ఇవాళ్టి ఆటుపోట్ల జోరునే పట్టుకుని వెనక్కి లెక్కేస్తే, 150 కోట్ల ఏళ్ళ కిందటే చంద్రుడు భూమికి అతుక్కుని ఉండాలి. కానీ ఆయన వయసు సుమారు 450 కోట్లు! కొలతలో తప్పు లేదు, వయసులోనూ లేదు. ఖండాలు జరిగేకొద్దీ సముద్రాల ఆకారం మారుతుంది, దాన్నిబట్టి ఆటుపోట్ల జోరూ మారుతుంది. ఇప్పటి జోరు మామూలు కన్నా ఎక్కువ. ఇవాళ్టి రేటుతో గీత గీసేసి అదే చరిత్ర, అదే భవిష్యత్తు అనడం మా ప్రాజెక్టు ప్లాన్లలో చెల్లుతుందేమో గానీ ప్రకృతి దగ్గర చెల్లదు.

మన విక్రమ్ ల్యాండర్ మీద కూడా నాసా వాళ్ళ బుల్లి అద్దాల పరికరం ఒకటుంది. 2023 డిసెంబరులో చంద్రుడి చుట్టూ తిరిగే ఎల్ఆర్ఓ నుంచి లేజర్ కొడితే, తిరిగి వెలుగు వచ్చింది కూడా. పిల్లలకి చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం ఏముంటుంది? భయపెట్టే హెడ్డింగు బదులు ఆ ఒక్క నిమిషం దీనికిస్తే ఏం పోతుంది? ఏమంటారు?